కోతుల ఫ్రిజ్‌లో మనిషి గొంతు

జూలో పొద్దున్నే అందరికంటే ముందు వచ్చేది తాళ్ళాయన. గేటు దగ్గర మీసాలాయన కుర్చీ తుడుచుకుని కూర్చునేలోపే ఆయన లోపలికొచ్చేసి, నూలుతాడు ముక్కల్ని పళ్ళరసం బేసిన్‌లో నానేసి, చేతులు కట్టుకుని పక్కనే నిలబడేవాడు. నానే తాడు లేచి ఎక్కడికీ పోదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా నిలబడేవాడు.

ఆ తాళ్ళే ఆయన ఉద్యోగం. కోతికి ఏ వైరస్ సోకిందో కనిపెట్టాలంటే దాని రక్తమైనా కావాలి, ఉమ్మి అయినా కావాలి. రక్తం కోసం సూది పట్టుకుని వెళ్ళినవాడి మొహం కోతి జన్మలో మరిచిపోదు. ఉమ్మితో ఆ పేచీ లేదు. తియ్యటి తాడు అందిస్తే చాలు, హాయిగా నమిలి నమిలి, విసుగు పుట్టాక మన మొహానే విసిరికొడుతుంది. ఆ తాడుని పిండి, వచ్చినదాన్ని చిన్న ట్యూబులోకి పట్టి, పేరు రాసి ఫ్రిజ్‌లో పెట్టడం తాళ్ళాయన పని. జూ బోనుల్లోని కోతులకీ ఆయనే, గోడ వెనక కొండమీద తిరిగే అడవి మందకీ ఆయనే. గోడకి అటునుంచి ఇటు ఏ జబ్బూ రాకుండా, ఇటునుంచి అటు పోకుండా కాపు కాయడమన్నమాట. ఇలాంటి పనికి అనుమానం మనిషిని పెట్టుకోవడంలో పెద్ద డాక్టరమ్మ తెలివి ఉందని అందరూ అనుకునేవాళ్ళు. ఆయన మాత్రం అందులోనూ ఏదో ఉందనుకునేవాడు.

కొండకోతులకి తాడుని పొడుగాటి దారానికి కుట్టి విసిరేవాడు, నమిలి వదిలేశాక దారం పట్టి లాక్కునేవాడు. పెద్ద బోనుల్లో స్టీలు కొక్కేలున్నాయి, తగిలిస్తే సరిపోతుంది. ఎటొచ్చీ పిడికిలి కోతుల బోనే తంటా. ఎక్కడో దూరదేశపు అడవుల నుంచి తెచ్చిన ఆ బుల్లి ప్రాణులు నిజంగానే పిడికిట్లో పడతాయి, చెవుల దగ్గర తెల్లటి కుచ్చులతో. వాటి బోనుకి సన్నజాలీ కాబట్టి కొక్కెం పట్టదు, ముడే వెయ్యాలి. గ్లౌజు వేసుకున్న వేళ్ళకి తడితాడు జారిపోతుంది. అయినా ఆయన వేసిన ముడి ఏ రోజూ వీడలేదు. దానికి ఆయన పద్ధతి ఆయనకుంది.

ఇక ఫ్రిజ్. చల్లగా ఉన్నంతసేపూ ఉమ్మికి తను వచ్చిన నోటి గొంతే ఉంటుంది. ఆ నోటికి ఏ కూత ఎక్కువ అలవాటో ట్యూబులో ఉమ్మి ఆ కూతే కూస్తూ ఉంటుంది. వేడి తగిలి ఒక పూట గడిస్తే మూగబోతుంది. అందుకని కొండ ట్యూబులు పై అరలో, బోను ట్యూబులు కింది అరలో పెట్టేవాళ్ళు. కలిపిపెడితే ఒకటే తగాదా. ‘తలుపు గట్టిగా వెయ్యండి, అవతల రాసుకుంటున్నాను’ అని డాక్టరమ్మ ఫ్రిజ్ మీద చీటీ అంటించింది. ఆవిడ యంత్రం ఇచ్చిన అంకెల్ని తప్ప సీసాల కబుర్లని చెవిన పెట్టదు.

ఒకరోజు పిడికిలి కోతుల్లో ఒకటి తిండి మానేసింది. నోటినిండా పొక్కులు. మర్నాటికి పోయింది. దాని జతది కూడా మూతి ముడుచుకుని మూలన కూర్చుంది. దాన్ని వేరే గదిలోకి మార్చి డాక్టరమ్మ మందు మొదలుపెట్టింది. వైరస్ అంది. దాని అసలు పేరు పలకబోయి ఈ కథ చెప్పేవాడు రెండుసార్లు నాలిక కరుచుకున్నాడు కనక పొక్కుల వైరస్ అనుకుందాం.

“కొండ నుంచే వచ్చుంటుంది,” అన్నాడు జూ కమిటీ పెద్దాయన, పరామర్శకి వచ్చి. “ఆ మందని ముందే ఏరిపారెయ్యమన్నాను. గోడ దూకి వచ్చి జనం చేతుల్లో పొట్లాలు లాక్కుపోతున్నాయి. ఇప్పుడు రోగం కూడానా?”

“కొండకోతుల్లో ఈ జాతి వైరస్ ఉందండీ, దాంతో వాటికేమీ కాదు,” అంది డాక్టరమ్మ. “కానీ ఇందులో రకాలున్నాయి. అదీ ఇదీ ఒకటేనా అన్నది మా యంత్రం తేల్చలేదు. పెద్ద లాబుకి పంపాను. జవాబు రావాలి.”

“జవాబొచ్చేదాకా జనానికి నేను జవాబు చెప్పుకోవాలిగా! రేపు పొద్దున మీటింగు. సంతకాలైపోతే ఆ సాయంత్రానికే వలలొస్తాయి.”

వలల తర్వాత ఏం వస్తుందో ఆయన అనలేదు. చంపే సూది అని అందరికీ తెలుసు.

తాళ్ళాయనకి ఆ పూట అన్నం సయించలేదు. ఆయన మనుషుల్ని నమ్మడు, తాళాల్ని నమ్మడు, తన చేతిగడియారాన్ని గోడగడియారంతో సరిచూసి, గోడదాన్ని మళ్ళీ మీసాలాయన గడియారంతో సరిచూస్తాడు. కానీ కొండ మీద మందని నమ్మాడు. ఎందుకని అడిగితే ఆయనే చెప్పలేడు. అందులో ఒక ఒంటిచెవి ముసల్ది ఉంది. తాడు నమిలాక దారం లాగక్కర్లేకుండా తనే గోడదాకా తెచ్చి పెట్టి వెనక్కి తిరిగిపోతుంది. దాన్ని వలలో ఊహించుకోబోయి ఆయన మధ్యలోనే ఆపేశాడు.

“కొండ కాదు, డాక్టరమ్మా,” అన్నాడు. “ఇందులో ఏదో మతలబు ఉంది.”

“మీకు ఎందులో లేదు గనక?” అంది ఆవిడ, తల ఎత్తకుండానే.

ఆ మధ్యాహ్నం ఆయన ఫ్రిజ్ తెరిచి పిడికిలి కోతుల ట్యూబుల ముందు చెవి పెట్టాడు. కిచకిచ, కిచకిచ. పోయిన కోతి బోను నుంచి కిందటి వారం తీసిన ట్యూబు దగ్గర ఆగిపోయాడు. కిచకిచల అడుగున, తొట్టి అడుగున మడ్డిలాగా, ఇంకో గొంతు ఉంది. మగగొంతు. ముక్కుతో మాట్లాడే గొంతు.

“మతలబు ఉంది,” అంటోంది. “ఇందులో ఏదో మతలబు ఉంది.”

బోనులో వేలాడిన తాడు మీద మనిషి ఉమ్మి! ఎవడో ఆ తాడుని నోట్లో పెట్టుకున్నాడు. లేదా కొరికిన పండు పెట్టాడు. ఏదైతేనేం, కొండకి సంబంధం లేదు. వాడెవడో తేలితే మంద బతుకుతుంది.

‘గొంతు వింటేనే తెలుస్తోంది,’ అనుకున్నాడు. ‘పచ్చి దొంగగొంతు. ఇలాంటివాడి పక్కన ఎలా బతుకుతున్నారో ఇంట్లోవాళ్ళు!’

ట్యూబుని ఐసు నింపిన ఫ్లాస్కులో పెట్టుకుని వేటకి బయల్దేరాడు. ముందు గేటు.

“మీసాలాయనా, ఒక్కసారి ‘మతలబు ఉంది’ అను.”

“నేనెందుకంటాను గురువుగారూ, ఆ మాట!”

“అనవయ్యా.”

మీసాలాయన అన్నాడు. బొంగురు గొంతు, గేటు కీచుమన్నట్టు. కాదు. తాళ్ళాయన ఫ్లాస్కు మూత తీసి వినిపించాడు. “ఇదెవరిదో గుర్తుపట్టగలవా?”

మీసాలాయన విన్నాడు. ఆయన మీసం ఒక కొస పైకి లేచింది, మళ్ళీ దిగింది. “అబ్బే,” అన్నాడు, రోడ్డు వైపు చూస్తూ. “ఎవరో పెద్దమనిషిలా ఉన్నాడు.”

“పెద్దమనిషా! ఆ గొంతులో కుళ్ళు వినపడటం లేదూ?”

“మీరన్నాక వినపడుతోందండి,” అని మీసాలాయన ఉన్నట్టుండి దగ్గు తెచ్చుకుని వెనక్కి తిరిగాడు.

తర్వాత వంటగదిలో పళ్ళత్త. కోతులకి పళ్ళు తరిగే ఆవిడ కనక అందరికీ పళ్ళత్తే. ఆడమనిషిని మగగొంతుకి అనుమానించడం ఎలాగన్నది ఆయన్ని ఆపలేదు.

“అత్తా, తరిగేటప్పుడు ముక్క రుచి చూస్తావా?”

“చూస్తే ఏం బాబూ, కోతులు చాడీ చెప్పాయా?”

ఆయన ట్యూబు వినిపించాడు. పళ్ళత్త చేతిలో కత్తి సగం బొప్పాయిలో నిలిచిపోయింది. ట్యూబు వంక చూసింది, ఆయన వంక చూసింది, మళ్ళీ ట్యూబు వంక.

“నీకు తెలియట్లేదా?” అంది మెల్లగా.

“తెలిస్తే నిన్నడుగుతానా?”

“అవున్లే,” అని బొప్పాయి మీదికి వంగింది. “ఇంటికెళ్ళి తీరిగ్గా విను నాయనా. నాకెందుకు? నేను చెప్తే, దీనికెలా తెలుసబ్బా అని మళ్ళీ నా మీద పడతావు.”

ఈ జవాబులన్నీ ఆయనకి ఒక్కటే రుజువు చేశాయి. వీళ్ళందరికీ తెలుసు, అందరూ కలిసి ఎవరినో కాస్తున్నారు. ఎవరిని కాస్తారు? అందరికీ ముద్దొచ్చేవాణ్ణి. జూలో అలాంటివాడు ఒక్కడే ఉన్నాడు, ఆయన బావమరిది.

బావమరిది పిడికిలి కోతుల కాపరి. ఆ ఉద్యోగం తాళ్ళాయనే వేయించాడు, వేయించిన రోజు నుంచీ కనిపెట్టుకుని ఉన్నాడు. వాడు కోతులతో మాట్లాడతాడు, వాటికి జోల పాడతాడు, పనివేళ నవ్వుతాడు. నవ్వేవాడి మీద తాళ్ళాయనకి మొదటి నుంచీ ఒక కన్ను.

బావమరిది జబ్బుకోతి గది బయట మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ‘తప్పు చేసినవాడి కళ్ళు,’ అనుకున్నాడు తాళ్ళాయన.

“ఒరేయ్, ఇది విను.”

ట్యూబు తన మాట తను అనుకుంటూ పోయింది. బావమరిది మొహంలో రంగు మారింది.

“ఎక్కడిది బావా ఇది?”

“చచ్చిపోయినదాని బోను తాడులోది. ఎవరిదిరా ఈ గొంతు?”

వాడు నీళ్ళు నమిలాడు. “డాక్టరమ్మ విందా?”

“ఎందుకడుగుతున్నావు?”

“ఊరికే.”

“ఊరికే అడిగేవాడివి కాదు నువ్వు. నీకు జలుబు చేసినప్పుడు గొంతు ఇలాగే మారుతుంది కదూ?”

“నాకు జలుబు చేసి ఏడాదైంది బావా,” అన్నాడు వాడు. ఇంకేదో అనబోయి, నోరు మూసుకుని, లేచి లోపలికి పోయాడు.

తాళ్ళాయనకి చిక్కుముడి విడిపోయినట్టే అనిపించింది. ఇక మిగిలింది సాక్ష్యం. వాడి గొంతు వాడి అక్కకంటే ఎవరికి బాగా తెలుసు?

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి భార్య గిన్నెలు బోర్లిస్తోంది. ఆయన ఫ్లాస్కుని టీపాయి మీద పెట్టి, కిటికీ మూసి, తలుపు గడియ పెట్టి, గడియ పడిందో లేదో లాగి చూసి, గొంతు తగ్గించాడు.

“నీకొక గొంతు వినిపిస్తాను. ఎవరిదో చెప్పు. నీవాళ్ళదని దాచకు.”

“ముందు పెదవి మీద పొక్కు మానిందో లేదో చూపించండి. పది రోజులుగా మందు రాసుకోమంటే వినరు.”

“అదెప్పుడో ఎండిపోయింది. ఇది విను.”

ట్యూబు మాట్లాడింది. ఆవిడ పకపకా నవ్వింది.

“దీనికింత గూఢచారం దేనికండీ? మీరే కదా!”

“ఎవరు?”

“మీరు. మీ గొంతు.”

“నా గొంతా!” ఆయన లేచి నిలబడ్డాడు. “నా గొంతు ఇలా ముక్కుతో ఉంటుందా? ఇంత పీడగా? తమ్ముణ్ణి వెనకేసుకొస్తున్నావు. ఇందులో ఏదో మతలబు ఉంది!”

“ఇందులో ఏదో మతలబు ఉంది,” అంది ట్యూబు.

భార్య మొహంలో నవ్వు ఆగిపోయింది. “పెళ్ళైనప్పటి నుంచీ పొద్దున లేస్తూనే వింటున్నాను ఈ గొంతుని,” అంది. “పాలు పలచగా ఉన్నా అదే మాట, చిక్కగా ఉన్నా అదే మాట. నేను పొరబడతానా?”

“నా ఉమ్మి బోనులోకి ఎలా పోతుందే? నేను మాస్కు లేకుండా గుమ్మం దాటను. గ్లౌజులు లేకుండా గడియ ముట్టను. ఇంకొకడు దాటితే ఊరుకోను!”

ఆవిడ జవాబు చెప్పకుండా మూలనున్న పాత పేపర్ల కట్ట, బారెడు పురికొస తెచ్చి ముందు పెట్టింది. “వాదన తర్వాత. ఇది కట్టండి, అమ్మేయాలి.”

విసుక్కుంటూనే ఆయన పురికొస చుట్టాడు, ముడి వేశాడు, ఒక చేత్తో కట్టని నొక్కిపట్టి, తల వంచి, కొసని పంట పట్టుకుని గట్టిగా ఒక్క లాగు లాగాడు. ముడి బిగిసింది. పురికొస పళ్ళ మధ్య ఉండగానే ఆయన కదలడం మానేశాడు.

జాలీ ముందు తను నిలబడే తీరు ఆయనకి కనబడింది. జారిపోయే గ్లౌజు వేళ్ళు. కిందికి లాగిన మాస్కు. పంటికి తగిలే తియ్యటి తాడు. ఏ రోజూ వీడని ముడి.

భార్య వచ్చి పురికొసని ఆయన నోట్లోంచి మెల్లగా తీసింది.

“ఇప్పుడేం చేస్తారు?” అంది.

ఆయన ఫ్లాస్కు వంక చూశాడు. ఏం చెయ్యక్కర్లేదు. మూత తీసి వదిలేస్తే చాలు, ఐసు కరుగుతుంది, పొద్దుటికి గొంతు ఉండదు. విన్నవాళ్ళలో ఒక్కరూ నోరు విప్పలేదు, ఇక ముందూ విప్పరు. ఉద్యోగం ఉంటుంది. పోయేది కొండ.

“తమ్ముడు గుర్తుపట్టాడా?” అంది ఆవిడ.

“పట్టాడు.”

“మరి చెప్పలేదా మీకు?”

“నేను చెప్పనివ్వలేదు.”

ఆవిడ పడుకోవడానికి వెళ్ళాక ఆయన ఫ్లాస్కు మూత తీశాడు. కాసేపు ఆ గొంతుని విన్నాడు. ఎవరితో ఉన్నా ఇలాగే ఉంటుందా తను? ఆ బుల్లి కోతుల ముందు కూడా? తర్వాత వంటింట్లోకి వెళ్ళి, ఐసు ట్రే తెచ్చి, ఫ్లాస్కులో కొత్త ఐసు నింపి మూత బిగించాడు. ఈసారి చేత్తోనే.

మీటింగు పొద్దున్నే. బల్లకి అటు కమిటీ పెద్దాయన, ఆయన వాళ్ళూ. ఇటు డాక్టరమ్మ. గోడవారన సిబ్బంది. కాయితం సంతకాల కోసం బల్ల మీద తిరుగుతోంది.

“ఎవరికైనా చెప్పేదుందా?” అని అడిగింది డాక్టరమ్మ, ఉండదులే అన్నట్టు.

తాళ్ళాయన వచ్చి ట్యూబుని ఐసు గిన్నెలో నిలబెట్టి బల్ల మధ్యలో పెట్టాడు. అది ఎవరికోసమూ ఆగలేదు. కిచకిచల కింద నుంచి తన మాట తను మొదలుపెట్టింది. కాయితం ఆగింది.

“ఇది పోయిన కోతి తాడులోది,” అన్నాడు ఆయన. “కొండ మీద ఎవరూ ఇలా మాట్లాడరు.”

కమిటీ పెద్దాయన ముందుకు వంగి విన్నాడు. సీసాలో ఉమ్మి అబద్ధమాడదని ఆయనకీ తెలుసు, అబద్ధమాడటానికి దానికి నోరుండదు. “మనిషిదే,” అన్నాడు. “ఎవడు వీడు?”

సిబ్బంది అంతా నేల వంక చూశారు. మీసాలాయన మీసాలు కూడా కిందికే చూశాయి. తాళ్ళాయన గొంతు సవరించుకునేలోపు గోడ దగ్గర నుంచి ఇంకో గొంతు లేచింది.

“నాదండి.”

బావమరిది. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. “జలుబు చేసింది. అందుకని అలా ఉంది. తప్పైపోయింది.”

తాళ్ళాయన వాడి వంక చూశాడు. ఇన్నేళ్ళుగా ఆ మొహంలో ఎన్ని వెతికాడు! దొంగతనం వెతికాడు, బద్ధకం వెతికాడు, తన మీద నవ్వు వెతికాడు. ఇప్పుడు అక్కడున్నది ఏమిటో అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది, ఎప్పుడూ వెతకలేదు కాబట్టి.

“వాడు అబద్ధమాడుతున్నాడు,” అన్నాడు. తర్వాత, అందరికీ తేలికగా ఉంటుందని, ట్యూబు మీదికి వంగి దాంతోపాటు అన్నాడు. “ఇందులో ఏదో మతలబు ఉంది.”

రెండు గొంతులూ ఒక్కటే అయ్యాయి. ఏది మనిషిదో ఏది సీసాదో తెలియలేదు. ఎవరూ నవ్వలేదు.

“పంటితో ముడి వేస్తానమ్మా,” అన్నాడు డాక్టరమ్మతో. “గ్లౌజు జారుతుందని. అప్పుడు పెదవి మీద పొక్కుంది నాకు.”

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “మనకది పొక్కు,” అంది. “వాటికి ప్రాణం.”

ఆయన తలాడించాడు. డాక్టరమ్మ ఆ కాయితాన్ని కమిటీ పెద్దాయన చేతి కింద నుంచి లాక్కుని అడ్డంగా మడిచింది. వలల బండిని గేటు నుంచే వెనక్కి పంపేశారు. తర్వాతెప్పుడో పెద్ద లాబు జవాబు వచ్చింది, వైరస్ మనుషుల రకమేనని. అప్పటికి ఎవరికీ దాని అవసరం లేకపోయింది. జబ్బుకోతి కోలుకుని బోనులోకి తిరిగొచ్చింది. జత లేని కొయ్య మీద ఒక పక్కకి జరిగి కూర్చునేది, రెండో పక్కన చోటు వదిలి. తాళ్ళాయన ఒక్కసారే వెళ్ళి జాలీకి దూరంగా నిలబడి చూసొచ్చాడు. ఇంటికెళ్ళాక ఆ రోజు ఎవరినీ ఏమీ అడగలేదు.

తాళ్ళ పని ఆయన నుంచి తీసేశారు. ఉద్యోగం నుంచే తీసెయ్యాలని కమిటీ పెద్దాయన పట్టుబట్టాడు. డాక్టరమ్మ వేరే ఆలోచన చేసింది. ఇక నుంచి కోతుల ఉమ్మితో పాటు సిబ్బంది నోళ్ళు కూడా రోజూ చూడాలంది. గేటు దగ్గర ఒక మనిషి కావాలి, ఎవరు చెప్పినా నమ్మనివాడు, మొహమాటం లేనివాడు. జూలో అందరి చూపులూ ఒక్కవైపే తిరిగాయి.

మొదటిరోజు గేటు దగ్గర వరస. తాళ్ళాయన టార్చి పట్టుకుని మాస్కు వెనక నుంచి, “నోరు తెరవండి,” అంటున్నాడు. మీసాలాయన మీసం పైకెత్తి పట్టుకున్నాడు. పళ్ళత్త నోట్లో బొప్పాయి గింజ దొరికింది. డాక్టరమ్మ పెదవి మూల ఎర్రగా కనిపించింది.

“పొద్దున టీ వేడికి కాలిందండీ,” అంది ఆవిడ.

“కాలిందో కాదో నాలుగు రోజుల్లో తెలుస్తుంది. అప్పటిదాకా బోనుల వైపు వెళ్ళకండమ్మా.”

ఆవిడ ఆయన వంక ఒక్క చూపు చూసి, ఆఫీసు గది వైపు తిరిగిపోయింది.

ఆఖర్న బావమరిది వచ్చాడు. నోరు తెరిచాడు, చూపించాడు, పాసయ్యాడు. అయినా లోపలికి పోకుండా నిలబడ్డాడు.

“ఏంరా?”

“నీ నోరెవరు చూస్తారు బావా?”

ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తాళ్ళాయన చుట్టూ చూశాడు, టార్చి వంక చూశాడు, అది వాడి చేతికిచ్చాడు. మాస్కు కిందికి లాగాడు.

“నాకు చెప్పి ఉండొచ్చుగా ఆ రోజు,” అన్నాడు, ఎవరికీ వినపడకుండా.

“నా మాట ఎప్పుడు నమ్మావు గనక?” అన్నాడు వాడు, అంతే మెల్లగా. టార్చి వెలిగించాడు. “ఊఁ. పెద్దగా తెరువు.”

తాళ్ళాయన కళ్ళు మూసుకుని, నోరు తెరిచాడు.